నెత్తుటి చుక్కలో పశువు జాతకం

పశువు లేతగా ఉన్నప్పుడే దాని మెడ సిర నుంచి కొద్దిపాటి రక్తం తీసి, అందులోని కొన్ని పదార్థాల పరిమాణాన్ని కొలిస్తే, అది ముందుముందు ఎంత వేగంగా బరువు పెరుగుతుందో, కోసిన తరువాత దాని మాంసం ఎంత నాణ్యంగా ఉంటుందో చెప్పవచ్చునన్న అభిప్రాయం పశుపోషణ గురించి జరిగే చర్చల్లో తరచూ వినిపిస్తుంది. మాంసం కోసమే పశువులను మేపే దేశాల్లో పుట్టిన ఈ ఆలోచన ఇప్పుడు శాస్త్రీయత అనే ముద్రతో మన పల్లెలకూ చేరుతున్నది. రక్తపరీక్ష అంటే ఏమిటో, అందులోని ఒక అంకె మనిషి జీవితాన్ని ఎలా మలుపు తిప్పుతుందో దేశంలో మరే ప్రాంతానికన్నా బాగా తెలిసిన ఉద్దానంలో, పలాస, టెక్కలి పరిసర గ్రామాల్లో, ఈ అభిప్రాయాన్ని పరీక్షకు పెట్టటం సబబు. అలా పెట్టినప్పుడు అది నిలవదని ఈ వ్యాసం వాదిస్తుంది.

వాదన ఏమిటి

ముందుగా ఆ వాదనను దాని పూర్తి బలంతో చెప్పుకోవాలి. పెరుగుదల అంటే తిన్న మేతలోని పోషకాలు కండగా, కొవ్వుగా, ఎముకగా మారటం. ఆ పోషకాలూ, వాటిని నడిపించే హార్మోనులూ, మిగిలిన వ్యర్థాలూ అన్నీ రక్తంలోనే ప్రయాణిస్తాయి కాబట్టి, రక్తాన్ని చదివితే శరీరం లోపల జరుగుతున్న పని తెలుస్తుందన్నది దాని పునాది. మాంసకృత్తులు విరిగినప్పుడు మిగిలే యూరియా, కాలేయం తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రోటీను, గ్లూకోజు, కొవ్వు కరిగినప్పుడు రక్తంలోకి వచ్చే స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు, కండ నుంచి పుట్టే క్రియాటినిన్, ఇన్సులిన్‌ను పోలి ఉండి పెరుగుదలను ప్రేరేపించే ఐజీఎఫ్-1 అనే హార్మోను, ఈ వాదులు కొలవమనే ప్రధాన పదార్థాలు.

వీరికి పూర్వచరిత్ర లేకపోలేదు. ఇంగ్లండ్‌లోని కాంప్టన్ పరిశోధన కేంద్రంలో పేన్ బృందం 1970లో పాడి మందల కోసం రక్త జీవక్రియా పరీక్షను రూపొందించింది. అమెరికాలోని ఒహాయోలో 1989 నుంచి ఆంగస్ పశువులను రక్తంలోని ఐజీఎఫ్-1 ఎక్కువగా ఉన్నవాటిని ఒక వరుసగా, తక్కువగా ఉన్నవాటిని మరొక వరుసగా విడదీసి తరతరాలుగా పెంచి చూశారు. జపానులో రక్తంలోని ఎ విటమిను పరిమాణాన్ని గమనిస్తూ మాంసంలో సన్నని కొవ్వు చారలు ఏర్పడేలా పశువులను మేపే పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. వీటన్నిటి వెనుక ఉన్న ఆర్థిక తర్కమూ తేలిగ్గానే అర్థమవుతుంది: పెరగని దూడను ముందే గుర్తించి అమ్మివేస్తే, ఏడాదిపాటు దానికి పెట్టే గడ్డి, దాణా మిగులుతాయి. ఇందులో ఏదీ కొట్టిపారేయదగిన మాట కాదు. తప్పు ఈ మాటల నుంచి చివరి నిర్ణయానికి వేసే గెంతులో ఉంది.

ఒకటి: క్రియాటినిన్ చెప్పే రెండు కథలు

ఉద్దానంలో క్రియాటినిన్ అన్న మాట తెలియని ఇల్లు ఉండదు. కారణం తేలని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి సోంపేట, కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో దశాబ్దాలుగా మనుషులను తీసుకుపోతున్నది. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం పరీక్షించిన వయోజనుల్లో సుమారు 18 శాతం మందిలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిని గుర్తించింది. ఆ వ్యాధిని వెతకటానికి వాడే మొదటి అంకె క్రియాటినినే. విచిత్రమేమిటంటే, మాంస పశువుల శాస్త్రంలో అదే పదార్థాన్ని కండ ఎంత ఉందో చెప్పే సూచికగా ప్రతిపాదిస్తారు. ఒకే పదార్థం ఒక చోట రోగానికీ, మరొక చోట సంపదకూ గుర్తు ఎలా అయింది?

దాని పుట్టుక చూస్తే సంగతి తెలుస్తుంది. కండరాలు శక్తిని నిలవ చేసుకోవటానికి క్రియాటిన్ అనే పదార్థాన్ని వాడుకుంటాయి. దానిలో రోజుకు సుమారు 2 శాతం తనంతట తానుగా క్రియాటినిన్‌గా మారి రక్తంలో చేరుతుంది. అక్కడి నుంచి మూత్రపిండాలు దాన్ని వడగట్టి బయటికి పంపుతాయి. అంటే రక్తంలో కనిపించే క్రియాటినిన్ ఉత్పత్తికీ విసర్జనకూ మధ్య మిగిలిన తేడా మాత్రమే. కుళాయి ఎంత పెద్దదో, తూము ఎంత పూడిందో ఈ రెండు ప్రశ్నలకూ తొట్టిలోని నీటిమట్టం ఒక్కటే జవాబు చెప్పలేదు. కండ ఎక్కువైనా అంకె పెరుగుతుంది, వడపోత మందగించినా పెరుగుతుంది, నీళ్ళు తక్కువైనా పెరుగుతుంది. మనుషుల విషయంలో వండిన మాంసం తిన్న కొన్ని గంటల పాటు కూడా పెరుగుతుంది.

ఈ అస్పష్టత ఎంత ఖరీదైనదో ఉద్దానం అనుభవించింది. మూత్రపిండాల వడపోత సామర్థ్యం సగానికి పడిపోయేదాకా క్రియాటినిన్ మామూలు హద్దుల్లోనే కనిపించవచ్చు కాబట్టి, ఎండలో కష్టించి బక్కచిక్కిన కూలీకి అంకె తక్కువగా వచ్చినంత మాత్రాన మూత్రపిండాలు బాగున్నాయని అర్థం కాదు. అందుకే వైద్యశాస్త్రం ఒక్క కొలతను నమ్మదు. వయసునూ లింగాన్నీ చేర్చి వడపోత రేటును లెక్కగడుతుంది, మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నదా అని చూస్తుంది, కనీసం 3 నెలల పాటు లోపం కొనసాగితేనే దీర్ఘకాలిక వ్యాధి అంటుంది. పరీక్షా విధానం కూడా తేడా తెస్తుంది: పిక్రిక్ ఆమ్లంతో రంగు తెప్పించే పాత జాఫే పద్ధతి రక్తంలోని ఇతర పదార్థాలను కూడా క్రియాటినిన్‌గా లెక్కించే అవకాశం ఉండగా, ఎంజైము పద్ధతిలో ఆ దోషం తక్కువ. అయినా ఈ అంకె ప్రభుత్వ నిబంధనల్లోకి ఎక్కి, క్రియాటినిన్ 5 మిల్లీగ్రాములు దాటటం పింఛను అర్హతల్లో ఒకటిగా నిలిచింది. కండ కరిగిపోయిన రోగికి ఆ గీత ఎంత ఆలస్యంగా అందుతుందో చెప్పనక్కరలేదు.

మనిషి విషయంలో ఇన్ని కాపలాలు పెట్టినా తడబడే అంకెను, ఏ కాపలా లేకుండా, ఒక్కసారి తీసిన రక్తంతో, దూడ భవిష్యత్తుకు కొలమానం చేయమనటం సాహసం. కండ విపరీతంగా పెరిగే బెల్జియన్ బ్లూ వంటి జాతుల్లో క్రియాటినిన్ ఎక్కువగా ఉంటుందన్న మాట నిజమే. అయితే ఆ జాతి పశువు పిరుదులను ఒకసారి చూసినవారెవరికీ సూది అవసరం రాదు. ఆ తేడా కంటికి కనిపించనంత చిన్నదైనప్పుడే, అంటే ఒకే ఊరి మందలోని రెండు నాటు దూడల మధ్య ఎంచుకోవలసినప్పుడే, పరీక్ష పనికి రావాలి. సరిగ్గా అక్కడే నీటి ఎద్దడీ, మూత్రపిండాల స్థితీ, పరీక్షా విధానపు దోషమూ కలిసి కండ తెచ్చే తేడాను మింగేస్తాయి.

రెండు: సంబంధం ఉండటం వేరు, జోస్యం చెప్పటం వేరు

రక్తవాదులు ఎక్కువగా ఆధారపడేది సహసంబంధం మీద. రెండు కొలతలు ఎంతవరకు కలిసి పెరుగుతాయో, కలిసి తగ్గుతాయో మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఒకటి దాకా చెప్పే సంఖ్యే సహసంబంధ గుణకం. ఒక రక్త పదార్థానికీ బరువు పెరుగుదలకూ మధ్య 0.3 గుణకం వచ్చిందనుకుంటే, గణాంక పరీక్షలో అది అర్థవంతమైనదిగా తేలవచ్చు, వ్యాసంగా ప్రచురితం కావచ్చు. అయితే గుణకాన్ని దానితోనే హెచ్చిస్తే వచ్చే 0.09 ప్రకారం, పశువుల పెరుగుదలలో కనిపించే వైవిధ్యంలో ఆ పదార్థంతో ముడిపడినది నూటికి 9 పాళ్ళు మాత్రమే. మిగిలిన 91 పాళ్ళ గురించి అది నోరు విప్పదు.

రైతు భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది. ఆ పదార్థం సగటుకన్నా ఎక్కువగా ఉన్న 100 దూడలను ఏరితే, వాటిలో సగటుకన్నా బాగా పెరిగేవి సుమారు 60. బొమ్మా బొరుసూ వేసి ఏరినా 50 వస్తాయి. ఆ పది దూడల లాభం కోసం వంద దూడలకు సూదులు, గొట్టాలు, మంచుపెట్టె, ప్రయోగశాల రుసుము భరించాలి. పైగా, బాగా పెరగవలసిన ఎన్నో దూడలను పనికిరానివని అమ్మివేసిన నష్టం ఎవరి పద్దులోనూ కనిపించదు.

దీనికి తోడు ఏరుకునే దోషం ఒకటి ఉంది. పదిహేను రక్త పదార్థాలను ఎనిమిది లక్షణాలతో పోల్చి చూస్తే 120 జంటలు అవుతాయి. నూటికి ఐదుసార్లు యాదృచ్ఛికంగా తప్పు ఫలితం ఇచ్చే పరీక్షతో వాటిని జల్లిస్తే, ఏ సంబంధమూ లేకపోయినా సుమారు ఆరు జంటలు అర్థవంతమైనవిగా బయటపడతాయి. ఆ ఆరింటినే పట్టుకుని మిగిలిన 114 గురించి మాట్లాడకపోతే, ఎద్దు వీపు మీది సుడిని బట్టి ఇంటికి మేలో కీడో చెప్పే పాత విద్యకూ దీనికీ తేడా, వాడిన పరికరం ఖరీదులోనే ఉంటుంది. ఒక మందలో దొరికిన సంబంధం మరొక మందలో, మరొక ఏడాదిలో నిలిచిందా అన్నదే అసలు ప్రశ్న. ఆస్ట్రేలియాలో ఐజీఎఫ్-1ను మేతను పొదుపుగా వాడుకునే పశువుకు గుర్తుగా తీసుకున్న ప్రయత్నం తొలుత ఎంతో ఆశ రేపి, సమాచారం పెరిగే కొద్దీ ఆ సంబంధం బలహీనపడటంతో వెనక్కి తగ్గింది. ఒహాయో ప్రయోగం రక్తంలోని ఒక హార్మోను స్థాయి తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమిస్తుందని చూపింది. సంక్రమించేదల్లా లాభదాయకం కావాలన్న నియమం ఏమీ లేదు.

ఇక, పోల్చవలసింది శూన్యంతో కాదు. పరీక్ష లేకపోతే రైతు దగ్గర ఏమీ లేదన్నట్టు మాట్లాడటం ఈ వాదంలోని అలవాటు. ముందు కాళ్ళ వెనుక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, భుజం నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్ళీ హెచ్చించి, 10,840తో భాగిస్తే కిలోల్లో బరువు దాదాపుగా తెలుస్తుంది. చుట్టుకొలత 150, పొడవు 120 అయితే బరువు సుమారు 249 కిలోలు. దర్జీ వాడే టేపు చాలు. మూడు నెలల తేడాతో రెండుసార్లు కొలిస్తే పెరుగుదల వేగమే నేరుగా చేతికి వస్తుంది. పళ్ళు చూసి వయసు చెప్పగల రైతు ఆ రెండింటినీ కలిపి తూచగలడు. ఈ టేపూ, పళ్ళూ, తల్లి పాడీ, తండ్రి సంతతీ తెలిసిన తరువాత, రక్తం అదనంగా ఏం చెబుతుందన్నదానికే జవాబు కావాలి. ఆ జవాబును రక్తవాదులు సాధారణంగా ఇవ్వరు.

మూడు: ఆ ఘడియ రక్తం

రక్తం ఒక చిత్తరువు కాదు, పారే నీరు. దూడను పట్టి, తాళ్ళు వేసి, మెడ వంచేసరికే అది బెదిరి, అడ్రినలిన్ విడుదలై, గ్లూకోజూ స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలూ పెరుగుతాయి. ప్లీహం ముడుచుకుని నిలవ ఉన్న ఎర్రకణాలను బయటికి తోయటంతో రక్తం చిక్కనైనట్టు కనిపిస్తుంది. మచ్చికైన దూడ, మనిషిని చూస్తేనే పరుగెత్తే దూడ ఒకే మేత తిన్నా, రెండు రకాల రక్తం ఇస్తాయి. యూరియా మేత తిన్న కొన్ని గంటలకు పైకి వెళ్ళి మళ్ళీ దిగుతుంది. పెరుగుదల హార్మోను దఫదఫాలుగా విడుదలవుతుంది కాబట్టి, పది గంటలకు తీసిన నమూనా, పదకొండు గంటలకు తీసిన నమూనా రెండు వేర్వేరు పశువులవిగా అనిపించవచ్చు. ఈ హార్మోను మరొక చిక్కును కూడా తెస్తుంది: మేత చాలని పశువులో అది తగ్గదు, పెరుగుతుంది; అదే సమయంలో దాని ఆజ్ఞను కండకు చేరవేయవలసిన ఐజీఎఫ్-1 పడిపోతుంది. పేరు చూసి, పెరుగుదల హార్మోను ఎక్కువగా ఉన్న దూడను ఏరుకున్నవాడు ఆకలితో ఉన్న దూడను ఏరుకుంటాడు.

తీసిన తరువాత కూడా రక్తం ఊరుకోదు. సీరాన్ని వేరు చేయకుండా ఉంచితే కణాలు గ్లూకోజును తింటూ పోయి, గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గిస్తాయి. కుదుపులకు కణాలు పగిలితే లోపలి ఎంజైములు బయటికి వచ్చి అంకెలను తారుమారు చేస్తాయి. మందస కొండల అంచున ఉన్న ఊరిలో మే నెల మధ్యాహ్నం తీసిన గొట్టం మోటారు సైకిలు మీద ప్రయోగశాల చేరేసరికి అందులో మిగిలేది దూడ చరిత్ర కన్నా ఎక్కువగా ఆ ప్రయాణపు చరిత్ర.

నాలుగు: వ్యాధిని వంశంగా చదవటం

ఇదే ఈ వాదంలోని అతి ప్రమాదకరమైన పొరపాటు. వంశధార, మహేంద్రతనయ పారే పల్లపు పొలాల్లో, కాలువ గట్ల మీద మేసే పశువుకు కార్జపు జలగ పట్టటం సాధారణం. నత్త ద్వారా పెరిగే ఆ పరాన్నజీవి కాలేయంలో చేరితే ఆల్బుమిన్ పడిపోతుంది, రక్తహీనత వస్తుంది. పిడుదుల వల్ల వచ్చే థైలేరియా, జోరీగలు మోసుకొచ్చే సర్రా కూడా రక్తాన్ని పలుచబరుస్తాయి. ఖనిజాలు చాలని ఇసుక నేలల్లో పండిన గడ్డి తిన్న పశువులో భాస్వరం తగ్గుతుంది. ఇలాంటి దూడ రక్తం చూసి, ఇది పెరిగే జాతి కాదని తీర్పు చెప్పి సంతకు తోలితే, నెల రోజుల్లో నయం చేయగల జబ్బును పుట్టుకతో వచ్చిన లోపంగా ముద్ర వేసినట్టు అవుతుంది. జలగ మందు తాగించి, ఖనిజ మిశ్రమం పెట్టిన తరువాత అదే దూడ అంకెలు మారిపోతాయి. మారిపోయే అంకె భవిష్యత్తును ఎలా మోయగలదు?

ఋతువు కూడా ఇదే పని చేస్తుంది. మాఘం నుంచి తొలకరి దాకా ఎండు వరిగడ్డి మీద బతికి ఎముకలు తేలిన దూడ, వానలు పడి పచ్చిక మొలవగానే, ఎప్పుడూ బాగా తిన్న దూడకన్నా వేగంగా బరువు పుంజుకుంటుంది. పశుశాస్త్రం దీన్ని పరిహార పెరుగుదల అంటుంది. ఏప్రిల్లో తీసిన రక్తం ఆ దూడను చివరి వరుసలో నిలబెడుతుంది, సెప్టెంబరులో అది ముందు వరుసలో ఉంటుంది. ఇక 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరితోటలనూ జీడితోటలనూ నేలకూల్చి, గడ్డివాములను తడిపి కుళ్ళబెట్టిన తరువాత, ఆ ఏడాది ఆగస్టులో తీసిన ఏ రక్త నివేదిక అయినా ఏ దూడ గురించి ఏం చెప్పగలిగి ఉండేదో ఊహించుకోవచ్చు.

కాంప్టన్ పరీక్షను రూపొందించినవారు ఈ పరిమితిని ఎరుగుదురు. వారు పాడి మందలో ఎక్కువ పాలిచ్చేవి ఏడు, మధ్యరకంవి ఏడు, ఒట్టిపోయినవి ఏడు, మొత్తం 21 ఆవుల రక్తం తీసి, ఆ గుంపుల సగటులను బట్టి మందకు పెడుతున్న మేతలో లోటు ఎక్కడుందో చూశారు. అది మందకూ, ప్రస్తుతానికీ సంబంధించిన పరీక్ష. దాని పేరు చెప్పి ఒంటరి దూడకు భవిష్యత్తు చెప్పటం, తండ్రి ఆస్తిని కొడుకు తాకట్టు పెట్టటం లాంటిది.

ఐదు: మాంసపు నాణ్యత గొడ్డలి పడిన తరువాతి సంగతి

పెరుగుదల విషయంలో రక్తానికి కాస్తో కూస్తో మాట ఉండవచ్చు. మాంసపు నాణ్యత విషయంలో ఆ మాటకు కూడా చోటు తక్కువ. చంపిన తరువాత కండలో నిలవ ఉన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం లాక్టిక్ ఆమ్లంగా మారి, కండ ఆమ్లత్వాన్ని చెప్పే పీహెచ్ 7 దగ్గర నుంచి 5.4-5.7 దాకా దిగితే మాంసం మంచి రంగుతో నిలుస్తుంది. చంపే ముందు పశువును దూరం తోలి, లారీలో కుక్కి, నీళ్ళు పెట్టకుండా, కొట్టి అలిసిపోయేట్టు చేస్తే గ్లైకోజెన్ ముందే ఖర్చయిపోయి, పీహెచ్ 6 దాటి, నల్లగా, జిగటగా, త్వరగా పాడయ్యే మాంసం మిగులుతుంది. ఒడిశా వైపు నుంచి ఇచ్ఛాపురం మీదుగా పదహారో నంబరు జాతీయ రహదారి వెంట ఒక రాత్రి చేసే ప్రయాణం, ఆరు నెలల వయసులో తీసిన రక్తంలో ఎక్కడ రాసి ఉంటుంది?

మాంసపు మెత్తదనం మరొక సంగతి. కండ తంతువులను కోసిన తరువాత మెల్లగా తెంచే కాల్పెయిన్ అనే ఎంజైములూ, వాటిని అడ్డుకునే కాల్పస్టాటినూ, చల్లబరచిన వేగమూ, నిలవ ఉంచిన రోజులూ దాన్ని నిర్ణయిస్తాయి. మూపురం ఉన్న మన జాతుల్లో ఆ అడ్డుకునే పదార్థం చురుకు ఎక్కువ కావటమే వాటి మాంసం గట్టిదన్న పేరుకు ఒక కారణం. పాశ్చాత్య దేశాల్లో శీతల గదిలో వారం, రెండు వారాలు నిలవ ఉంచి అమ్మే మాంసానికి రాసిన నాణ్యతా సూత్రాలు, తెల్లవారుజామున కోసి పొద్దెక్కకముందే అమ్మి, మధ్యాహ్నానికి కుక్కరులో ఉడికించే మన అలవాటుకు అన్వయించవు. ఇక్కడి వంటలో మసాలా, ఉడికే సమయం చేసే పని ఏ హార్మోనూ చేయదు.

రక్తవాదులు చూపే అత్యంత బలమైన సాక్ష్యం జపానుది కాబట్టి దాని దగ్గర కాస్త ఆగాలి. అక్కడి నల్ల వాగ్యూ పశువులను ధాన్యంతో ఏడాదిన్నరకు పైగా కొవ్వెక్కించే కాలంలో, మధ్య నెలల్లో మేతలో ఎ విటమినును తగ్గించి, రక్తంలో దాని స్థాయి ప్రమాదకరంగా పడిపోకుండా చూసుకుంటూ ఉంటే, కండలోని కొవ్వు కణాలు పెరిగి చారలు దట్టంగా ఏర్పడతాయి. ఆ చారలకు 1 నుంచి 12 దాకా అంకెలు వేసి ధర కడతారు. ఈ ఉదంతంలో రక్తం జోస్యం చెప్పటం లేదు. మేపరి తానే చేస్తున్న పనికి అది కాపలా కాస్తున్నది. ఆ కాపలా తప్పిన చోట పశువుల చూపు పోవటం, కాళ్ళు వాయటం జరిగాయి. ఆ అంకెను జోస్యంగా తీసుకుని ఉద్దానానికి తెస్తే ఏమవుతుందో చూడాలి: పచ్చగడ్డి లేక ఎ విటమిను తగ్గిపోయిన వేసవి దూడ, జపాను సూత్రం ప్రకారం, అత్యుత్తమ చారల మాంసం ఇవ్వాలి. ఆ దూడ రేచీకటితో గోడకు గుద్దుకుంటూ ఉంటుంది.

పలాస-కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారికి ఈ విషయంలో ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. అతను జీడిచెట్టు ఆకు రసం కొలిచి ధర చెప్పడు. బస్తాలోంచి పిడికెడు పిక్కలు తీసి, కోసి, పప్పు ఎంత నిండుగా ఉందో, ఎంత పుచ్చిందో చూస్తాడు. కావలసిన నాణ్యతను కావలసిన వస్తువులోనే కొలవాలన్న ఈ వివేకం మాంసానికీ వర్తిస్తుంది: పీహెచ్ కొలిచే పరికరాన్ని కళేబరంలో గుచ్చితే నిమిషంలో తేలే సంగతి కోసం ఏడాది ముందు సూది గుచ్చటం అనవసరం.

ఆరు: చట్టం, సంత, దళారీ

విదేశీ అధ్యయనాలు ఒక ప్రత్యేకమైన జీవితక్రమాన్ని ముందే ఊహించుకుంటాయి: ఎనిమిది నెలల దూడ, కొవ్వెక్కించే దొడ్డి, రెండేళ్ళ లోపు వధ. ఆంధ్రప్రదేశ్‌లో ఆ క్రమమే లేదు. 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఆవులనూ, దూడలనూ వధించటాన్ని నిషేధించి, ఎద్దులను, గేదెలను, దున్నలను మాత్రం సంతానోత్పత్తికి, సేద్యానికి, పాడికి ఇక పనికిరావని అధీకృత అధికారి ధృవీకరించిన మీదటే అనుమతిస్తుంది. అంటే ఇక్కడ కబేళా చేరే పశువు పదేళ్ళు నాగలి లాగిన ఎద్దో, ఒట్టిపోయిన గేదో. చిన్ననాటి రక్తానికీ దాని మాంసానికీ మధ్య ఒక సేద్యగాడి జీవితమంత దూరం ఉంది. ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకోని జోస్యం వేరే దేశపు జోస్యం.

టెక్కలికి దగ్గరలో, కోటబొమ్మాళి మండలపు నారాయణవలస సంత లాంటి చోట్ల పశువు ధర పళ్ళు, నడక, మూపురం, చర్మం చూసి పలుకుతుంది. ఆ లక్షణాలు కొనేవాడికీ అమ్మేవాడికీ ఇద్దరికీ కనిపిస్తాయి. అందుకే బేరం సాధ్యమవుతుంది. అక్కడికి ప్రయోగశాల ముద్ర ఉన్న ఒక కాగితం వస్తే, దాన్ని చదవగలిగేది ఒకరే అవుతారు, అతను రైతు కాడు. తక్కువ అంకెలు ఉన్న దూడకు ధర తగ్గించటానికి ఆ కాగితం పనికొస్తుంది, ఎక్కువ అంకెలు ఉన్న దూడకు ధర పెంచటానికి పనికిరాదు. ఎందుకంటే ఏ దళారీ కూడా తనకు నష్టం తెచ్చే కాగితాన్ని బయట పెట్టడు. రైతు తన కంటి అనుభవంతో తిప్పికొట్టలేని ఆధారాన్ని సంతలోకి తేవటం, శాస్త్రం పేరుతో జరిగే ధర కోత అవుతుంది.

జవాబు చెప్పవలసిన ఒక ఆక్షేపణ

రక్తం నుంచి జన్యువులను చదివి పశువు విలువను అంచనా వేయటం ఇప్పుడు ప్రపంచమంతటా జరుగుతున్నది కదా, హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ 2021లో దేశవాళీ పశువుల కోసం ఇండిగౌ అనే జన్యు చిప్‌ను రూపొందించింది కదా అని రక్తవాదులు అడగవచ్చు. ఇది రెండు వేర్వేరు సంగతులను ఒకే గొట్టంలో పోయటం. జన్యుపరీక్షలో రక్తం కేవలం కవరు. అందులోని ఉత్తరం డీఎన్‌ఏ. అదే ఉత్తరం తోక వెంట్రుకల మూలాల్లోనూ దొరుకుతుంది, పశువు భయపడినా, ఆకలితో ఉన్నా, జలగ పట్టినా అక్షరం మారదు. అంతేకాక, ఆ ఉత్తరాన్ని చదవటానికి కూడా వేలాది పశువుల బరువులూ సంతతీ తూచి రాసిన పద్దు కావాలి. పద్దు లేని చోట చిప్ మూగది. ఒంగోలు ప్రాంతం నుంచి వెళ్ళిన పశువుల సంతతితో నెల్లూరు పేరిట ప్రపంచంలోనే అతి పెద్ద మాంస పశుసంపదను నిర్మించుకున్న బ్రెజిల్ ఆ పని చేసింది తూకంతోనూ, వంశావళితోనూ, ఆబోతుల సంతతి పరీక్షతోనూ. జన్యు పరీక్షలు ఆ పద్దు మీద తరువాత వచ్చి చేరినవే. కరవది అనే మన ఊరి పేరుతోనే బ్రెజిల్‌లో ప్రసిద్ధికెక్కిన ఆబోతు గొప్పతనం దాని బిడ్డల్లో రుజువైంది.

రక్తం తీయాలి, ఏ ప్రశ్నకు తీస్తున్నామో తెలిసి తీయాలి. నియోజకవర్గాల స్థాయి పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలల్లో ఉన్న సూదులూ గొట్టాలూ ఉద్దానంలో జలగ పట్టిన దూడలను, సర్రా సోకిన ఎద్దులను, భాస్వరం తగ్గిన గేదెలను వెతకటానికి వాడాలి. ఆ ఫలితం రైతుకు మందు చీటీతో పాటు అందాలి, సంతలో ధర చీటీగా కనిపించకూడదు. పశువును ఎంచుకోవటానికి టేపు, పళ్ళు, రెండు తూకాల మధ్య గడువు, తల్లిదండ్రుల పద్దు ఉన్నాయి. మాంసాన్ని ఎంచటానికి పీహెచ్ సూది, చల్లని గది, పశువును కొట్టకుండా తోలే మనిషి కావాలి. వీటికి పైన రక్తపు అంకె ఏం చేరుస్తుందో ఇక్కడి పశువుల మీద, ఇక్కడి ఋతువుల్లో, ఒక మందలో తేలినదాన్ని మరొక మందలో పరీక్షించి చూపేదాకా, ఆ అంకె ఆధారంగా ఏ దూడనూ అమ్మించకూడదు, ఏ పథకంలో అర్హతగా రాయకూడదు, ఏ రైతు దగ్గరా దానికి రుసుము వసూలు చేయకూడదు.